పాత పటము

మా యింట తాతలు కూడబెట్టిన ధనమేమియు లేదు. మా మేనమామ విడిచిపోయిన రేకు పెట్టె యొకటి మాత్రము చాలకాలము అటకపై నుండెను. ఆయన కాలువల శాఖలో ఓవర్సీయరుగా పనిచేసి, జీవితములో పెద్ద భాగము కొమ్మమూరు కాలువ గట్ల మీదనే గడపినవాడు. నేను ప్రధానోపాధ్యాయ పదవి నుండి విరమించిన యేడు, ఇంటికి సున్నము వేయించుటకై సామానులు దింపుచుండగా ఆ పెట్టె నా చేతికి వచ్చినది. అందులో ఒక కొలత టేపును, తుప్పుపట్టిన వృత్తలేఖినియు, గుడ్డమీద అంటించి మడతలుగా మడచిన పెద్ద కాగితమును ఉండెను. ఆ కాగితమును విప్పి నేలమీద పరచితిని. అది మా ప్రాంతపు పాత సర్వే పటము.

నేను తెలుగు పండితుడను. పటములు సాంఘికశాస్త్రము చెప్పు వారి సొత్తనియు, పద్యములు మా సొత్తనియు తలచి ఉద్యోగకాలమంతయు గడపితిని. కాని ఆ దినమున ఆ పటము నాకు ఒక పాఠము చెప్పినది. ఆ పాఠము నేను చేసిన ఒక తప్పును నా కన్నుల యెదుట నిలిపినది. అందుచేత దానిని మీతో చెప్పుకొనవలెనని నాకు తోచినది.

ముందుగా పటమును గూర్చి కొంత చెప్పెదను. మన దేశమును కొలుచుటకు ఏర్పడిన సర్వేక్షణ శాఖ 1767లో మొదలైనది. 1802లో విలియం లాంబ్టన్ అను సైనికాధికారి చెన్నపట్టణము చెంత నేలమీద ఒక సరళరేఖను గొలుసుతో మిక్కిలి జాగ్రత్తగా కొలిచెను. త్రిభుజములో ఒక భుజమును, రెండు కోణములును తెలిసినచో తక్కిన భుజములు తెలియునని మీరు గణితములో చదివియుందురు. ఆ సూత్రమునే పట్టుకొని, కొండ నుండి కొండకును, గోపురము నుండి గోపురమునకును చూపు సారించి, త్రిభుజముల వెంట త్రిభుజములు అల్లుకొనుచు, ఆయనయు ఆయన తరువాతి వారును ఈ దేశమునంతటిని కొలిచిరి. వారి వలలో చిక్కని యూరు లేదు.

పటములకు సంఖ్యలు పెట్టుటలోను ఒక క్రమమున్నది. దేశమును నాలుగేసి డిగ్రీల గళ్ళుగా చేసిరి. మా గడి సంఖ్య 66. ఆ గడిని పదునారు భాగములు చేసి అక్షరములు పెట్టిరి. ఒక్కొక్క భాగమును మరల పదునారు చేసి అంకెలు పెట్టిరి. ఆ లెక్కను చీరాలయు, వాడరేవును 66 ఏ/5 అను పటములో వచ్చును. మా మేనమామ పటము అదియే. నేలమీది మైలు అందులో ఒక అంగుళము. ఈ రీతి పటములు ఉత్తర దక్షిణములుగా ఇంచుమించు పదునేడు మైళ్ళ నేలను చూపును. 1956 తరువాత మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినవి గనుక, ఇప్పటి పటములలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరునకు సమానము.

పటమునకు రంగులే అక్షరములు. నీరు నీలము, పైరు పసుపు, అడవి ఆకుపచ్చ, బాటలు ఎరుపు, ఊళ్ళ పేర్లు నలుపు. ఎత్తుపల్లములు తెలుపుటకు గోధుమవన్నె గీతలుండును. ఒకే యెత్తున నున్న చోట్లనన్నిటిని కలుపు గీతలవి. కొండల ప్రాంతపు పటములో ఆ గీతలు చింపిరి జుట్టువలె చిక్కులు పడియుండును. మా పటములోనో, తీరమున మైళ్ళకొలది ఒక్క గీత కనబడదు. ఏబది అడుగుల కొక గీత చొప్పున గీసినవారికి, ఏబది అడుగులైన ఎత్తులేని మా నేలపై గీయవలసిన దేమున్నది? గీతలకు బదులు ఇసుకను తెలుపు సన్నని చుక్కలు మాత్రము సముద్రపుటంచున చల్లినట్లుండును.

మొదట ఆ పటము నాకు వట్టి గీతల గజిబిజిగా తోచినది. రెండు మూడు దినములు అద్దము పట్టుకొని చూడగా, ఒక సంగతి స్పష్టపడినది. మా ప్రాంతమున అన్నియు సముద్రమునకు సమాంతరముగా పరచుకొనియున్నవి. తీరము, దాని వెనుక ఇసుక దిబ్బలు, దిబ్బల వెనుక పల్లపు పర్ర, పర్ర వెనుక మరల మెరక. కాలువయు, రైలుదారియు, పాతబాటయు దాదాపు ఆ వరుసనే పట్టుకొని పోవుచున్నవి. ఊళ్ళు దండ గుచ్చినట్లు మెరకల మీద కూర్చున్నవి. ఇందుకు కారణము వెదకగా తెలిసినదేమనగా, కృష్ణానది వేల యేండ్లుగా మన్ను తెచ్చి పోయుటచేత సముద్రము వెనుకకు జరుగుచు వచ్చినది. అది జరిగినప్పుడెల్ల తాను నిలిచిన చోట ఒక ఇసుక కట్టను విడిచిపోయినది. ఆరేడువేల యేండ్ల క్రిందట అలలు కొట్టిన చోట నేడు మిరప కళ్ళములున్నవి. ఆ పాత తీరములే మన మెరకలు. వాని నడుమ నిలిచిన పల్లములే మన పర్రలు, మురుగులు. రొంపేరు అను పేరును వినుడు. రొంపి, ఏరు అను రెండు మాటలును అందులో ఇంకను తడిగానే యున్నవి.

పేర్లలోనికి దిగిన తరువాత పండితుడనైన నాకు ఆకలి దప్పులు తెలియలేదు. వేటపాలెము, ఈపూరుపాలెము, జాండ్రపేట. పాలెమన్న మాట వెంట చిన్న పల్లెల పుట్టుక తెలియును. జాండ్రలనగా నేతగాండ్రు; వారి మగ్గముల చప్పుడు ఆ పేరులో వినబడును. చీరాల రుమాళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోయెడివి. పటము మీది పేర్లను వ్రాసిన వారు ఇంగ్లీషు లిపిలో వ్రాసిరి. ఆ లిపికి మన ళకారము, ణకారము తెలియవు. దీర్ఘములను అది పాటింపదు. అందుచేత ప్రతి పేరును నోట పలికి, చెవితో విని, తెలుగులోనికి మరల తెచ్చుకొనవలసి యుండెను. అట్లు చదువుచు చదువుచు, ఆగ్నేయ మూలన, నీలి సముద్రపుటంచున నున్న వాడరేవు నొద్దకు వచ్చితిని. అక్కడ నా వ్రేలు ఆగిపోయినది. పటము మీద ‘వోడరేవు’ అని యుండెను.

ఆ యొక్క అక్షరము నన్ను ముప్పది యైదేండ్లకు పైగా వెనుకకు తీసికొనిపోయినది.

1986లో నేను తీరప్రాంతపు ఉన్నత పాఠశాల యొకదానిలో పండితుడనుగా చేరితిని. వయసు చిన్నది, విద్య క్రొత్తది. కనుక గర్వము కొంచె మెక్కువగానే యుండెను. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో ఊళ్ళ పేర్లకు అర్థములు చెప్పుచు, “వాడ అనగా వీధి. రేవు అనగా పడవలు నిలుచు చోటు. రేవు చెంత వెలసిన వీధి గనుక వాడరేవు” అని నల్లబల్లపై వ్రాసితిని. వెనుక బల్లమీది జాలరి బాలుడొకడు లేచి నిలుచుండెను.

“వాడంటే వీధి కాదండీ, ఓడండీ. పెద్ద ఓడలు ఆగేవని మా తాత చెప్పాడండీ” అనెను.

నేను నవ్వితిని. “మీ తాత ఏ నిఘంటువు చదివాడురా?” అని యడిగితిని. తరగతి యంతయు గొల్లుమన్నది. వాడు తల వంచుకొని కూర్చుండెను. నెల తిరుగక మునుపే వాడు బడికి వచ్చుట మానెను. సముద్రము మీదికి పోయినాడని తోటి పిల్లలు చెప్పిరి. అట్లు మానిపోవు పిల్లలు ఆ రోజులలో పెక్కుమంది యుండిరి. నేనును వానిని మరచితిని.

ఇప్పుడు పటము వాని పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది. ఆలోచించిన కొలదిని నా యవివేకము నాకు తెలిసివచ్చినది. సముద్రము మీద బ్రదుకువారిని వాడబలిజలని మనమే యనుచున్నాము. ‘ఒక’ను ‘వొక’ అన్నట్లే ‘ఓడ’ను ‘వోడ’ అనుట మన నోళ్ళకు అలవాటు. ఓడ, వోడ, వాడ, ఈ మూడును ఒకే మాట ధరించిన వేషములు. ఇది తెలియుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. ఆ తీరమున నిలిచి, అక్కడివారు మాటలాడుచుండగా వినిన చాలును. సర్వే చేయవచ్చిన పరదేశి విన్నాడు. పక్క యూరి పండితుడనైన నేను వినలేదు.

మరునాటి యుదయము పటమును చంకన పెట్టుకొని చీరాలలో ఆటో ఎక్కితిని. అక్కడి నుండి వాడరేవు ఆరు కిలోమీటర్లు మాత్రమే. దీపస్తంభము దాటి ఒడ్డునకు పోయి విచారించగా, ఒక పడవ నీడను కూర్చుండి వల బాగుచేసికొనుచున్న మనిషిని చూపిరి. తల సగము నెరసియుండెను. నన్ను చూచి లేచి నిలుచుండెను. నాడు తరగతిలో లేచిన తీరే.

“మాస్టారూ, తమరా! ఇంత ఎండలో ఇలా వచ్చారేంటి?” అనెను.

నేను పడవ బల్లమీద పటమును పరచి, పేరున్న చోట వ్రేలు పెట్టితిని. “ఇదిగో, వోడరేవు అని రాసి ఉంది. నీ మాటే నిజం. ఆనాడు నేను తప్పు చెప్పాను. పైగా నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను” అంటిని.

అతడు కొంతసేపు మాటలాడలేదు. చేతిలోని వలకన్ను ముడివేసి, తాడు తెంపి, అప్పుడు చెప్పెను. “బడి మానింది అందుకు కాదు మాస్టారూ. మా అయ్యకు వల లాగడానికి మనిషి లేకపోయె. కానీ ఆ మాట మాత్రం మరిచిపోలేదు. మా తాత పోయేదాకా ఆయనకు చెప్పలేదు.”

నా యుద్యోగ జీవితములో నాకు సన్మానములు జరిగినవి; శాలువలు కప్పిరి. వానినన్నిటిని ఆ యొక్క మాట బరువు మించినది.

తరువాత అతడే పటము మీదికి వంగెను. చదువు ఎనిమిదవ తరగతితో ఆగినను, తీరపు వంపును చూచినంతనే పోల్చుకొనెను. “మేము కాగితం మీద గీయము గానీ మాకూ లెక్క ఉంది మాస్టారూ” అనుచు తన విద్యను చెప్పెను. సముద్రములోనికి పోయినప్పుడు ఒడ్డున నున్న తాడితోపును, దాని వెనుక దూరమున నున్న గుడిని కనిపెట్టుదురట. ఆ రెండును ఒక వరుసలోనికి వచ్చిన వేళ, మరియొక దిక్కున దీపస్తంభమును మరియొక గురుతును ఒక వరుసలో కనబడవలెను. ఆ రెండు వరుసలు కలిసిన చోటనే వల చింపు రాయి యున్నదని, లేదా చేప దొరకునని వారికి తెలియును. నేను ఆశ్చర్యపడితిని. రెండు చూపులు కలియుచోట ఒక బిందువు! లాంబ్టన్ కోణములు కొలిచి చేసినదానికి మూలమైన సూత్రమే ఇది. ఆయన చేతిలో అర టన్ను బరువుగల యంత్రముండెను. వీరికి కన్నులే యంత్రములు.

మేమిద్దరము పటము పట్టుకొని తీరము వెంట నడచితిమి. దక్షిణముగా పోగా పోగా మోటుపల్లి వచ్చును. నేడది చిన్న గ్రామము. కాని కాకతీయుల కాలమున తెలుగుదేశపు గొప్ప రేవు. అక్కడి వీరభద్రాలయములోని శిలాస్తంభము మీద గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున వేయించిన అభయశాసనము కలదు. అంతకు మునుపు తుపానుకు కొట్టుకొని వచ్చి తీరమున విరిగిన ఓడలలోని సరకును రాజులు బలవంతముగా లాగుకొనెడివారు. సర్వమును పణముగా పెట్టి సముద్రమున సాహసించు వర్తకుల కష్టమును గుర్తించి, గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పెను. నియమితమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని రాతిమీద వ్రాసి యిచ్చెను. ఆ సుంకము ముప్పదింట నొక వంతు. తరువాత 1358లో రెడ్డిరాజైన అనవోతారెడ్డియు అచ్చట వర్తకులకు సదుపాయములు చేసి శాసనము వేయించెను. ఇటలీ దేశపు యాత్రికుడు మార్కోపోలో ముత్ఫిలి యని వ్రాసినది ఈ మోటుపల్లి పేరే. తూర్పుగా పోయినచో నిజాంపట్నము. దానిని నాడు పెటపోలి యనెడివారు. అచ్చటికి 1606లో డచ్చివారును, 1611లో గ్లోబు అను ఓడపై ఇంగ్లీషువారును వచ్చి వర్తకము మొదలిడిరి. ఈ రెండు రేవుల నడుమనున్న ఊరికి ఓడరేవని పేరు వచ్చుటలో వింతయేమి? ముసలి జాలరి తన మనుమనికి చెప్పినది కట్టుకథ కాదు.

ఇట్లు పటము కొన్ని కథలను బయటపెట్టును. కాని పటము మీద పడని కథలును కలవు. 1919లో చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘము చేసి, పన్నులు పెంచిరి. బీదలగు నేతగాండ్రు ఆ పన్నులు కట్టలేమని మొరపెట్టిరి. ప్రభుత్వము వినలేదు. అంతట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున వేలాది ప్రజలు ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి యెల్లలు దాటి, రామనగరమను పేర గుడిసెలు వేసికొని పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. ఊరు లేనిచో పన్ను లేదు గదా! నేను మా పటములో రామనగరము కొఱకు ఎంతయో వెదకితిని. కనబడలేదు. సర్వేవారు వచ్చు నాటికి గుడిసెలుండవలెను. లేదా గుడిసెల గురుతు శాశ్వతముగా మిగులవలెను. ఆ రెండును జరుగలేదు. దేశచరిత్రలో నిలిచిన ఊరు పటములో ఒక చుక్కయైన కాలేదు.

మా మేనమామ కాలువ మాత్రము పటమున నీలపు దారము వలె చక్కగా నున్నది. కొమ్మమూరు కాలువ కృష్ణ నీటిని తెచ్చి పెదగంజాము లాకుల యొద్ద బకింగుహాము కాలువతో కలుపును. ఆ కాలువను 1806లో చెన్నపట్టణము చెంత కోక్రేన్ అనువాడు మొదలుపెట్టెను. 1876-78 ధాత కరువులో ఆకలిగొన్న జనులకు కూలి చూపుటకై అందులో కొంత భాగమును త్రవ్వించి, నాటి గవర్నరు పేర 1878లో దానికి బకింగుహామని పేరు పెట్టిరి. చెన్నపట్టణము నుండి పెదగంజాము వరకు అది 196 మైళ్ళు. ధాన్యము, ఉప్పు, కట్టెలు నింపిన పడవలను గట్టుమీద నడచుచు త్రాళ్ళతో లాగెడివారు. రైలు వచ్చినది, బస్సులు వచ్చినవి, తుపానులు గట్లను కోసినవి. పడవలు పోయినవి. పటములో మాత్రము కొమ్మమూరు కాలువ ఇంకను పడవల కొఱకు ఎదురుచూచుచున్నది.

తిరిగి వాడరేవునకు వచ్చునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. పటములో ఊరికి ఉత్తరమున, ఇసుక దిబ్బ పాదమున, రెండు చిన్న నీలి సున్నలున్నవి. అవి బావులు. “ఇవి ఏవి?” అని అడిగితిని. అతడు కొంచెము తడబడి, నలుదెసలు చూచి, ఒక ముండ్ల పొద నొద్దకు తీసికొని పోయెను. ఇసుకలో సగము పూడిన యిటుకల వరుస కనబడినది. “మా అమ్మ ఈ బావి నీళ్లే మోసింది” అనెను.

సముద్రమునకు పిలుపు దూరమున తియ్యని నీరు ఎట్లుండునని మీరడుగవచ్చును. దిబ్బమీద పడిన వాననీరు ఇసుకలోనికి ఇంకును. మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక గనుక దానిమీద తేలి నిలుచును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరు నిలిచినచో, క్రింద ఇంచుమించు నలుబది అడుగుల వరకు మంచినీరే యుండునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. దిబ్బయే ఆ నీటికి గొడుగు, కుండ. దిబ్బను తవ్వి యిసుకను తరలించినను, యంత్రములతో మితిమీరి తోడినను, చెంతనే రొయ్యల చెరువులు త్రవ్వి ఉప్పునీరు నింపినను, ఆ కుండ పగులును. పాత పటములో ఎత్తుగా చుక్కలతో నున్న దిబ్బ మా యెదుట లేదు. చదును చేసిన నేల మాత్రమున్నది.

అతడు మోకాళ్ళపై కూర్చుండి రెండు చేతులతో ఇసుకను తోడి చెలమ చేసెను. నీరు ఊరినది. దోసిట పట్టి నోట పోసికొని, ఉమిసి, “ఉప్పు తగిలింది మాస్టారూ” అనెను. అంతకంటె నొక మాట అనలేదు. నేనును ఏమియు అనలేకపోతిని.

ఆ రాత్రి వారి యింట భోజనము చేసితిని. అతని చివరి కూతురు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. దీపము క్రింద పటమును చాలసేపు చూచి, “ఇందులో మా ఇల్లు ఏదండీ?” అని యడిగినది. లేదంటిని. “అయితే ఇది మా ఊరి పటం ఎలా అవుతుందండీ?” అనినది. నాటి తండ్రి ప్రశ్నకు నేను నవ్వితిని. నేటి కూతురి ప్రశ్నకు నేను కాగితము తెచ్చి యిచ్చితిని.

మూడు నెలలు ప్రతి ఆదివారము నేను వాడరేవునకు పోయితిని. ఆ బాలికయు, తోటి పిల్లలు నలుగురును పాత పటమును పలుచని కాగితము మీద ఎత్తి వ్రాసికొనిరి. దాని మీద ఇప్పటి బాటలు, ఇండ్లు, బడి, వల లాగు చోట్లు గురుతు పెట్టిరి. తండ్రుల నడిగి సముద్రములోని రాళ్ళ పేర్లు వ్రాసిరి. ఆ పేర్లు ఏ ప్రభుత్వ పటములోను లేవు. తరువాత ఇల్లిల్లు తిరిగి బావుల నీరు రుచి చూచి, తీపియైన నీలము, చప్పనైన పసుపు, ఉప్పైన ఎరుపు రంగు చుక్క పెట్టిరి. పటము పూర్తి యైన దినమున ఎవరును చెప్పకయే సంగతి అందరికి కనబడినది. దిబ్బ నిలిచియున్న చోట్ల నీలపు చుక్కలు. దిబ్బ పోయిన చోట్ల ఎరుపు. పల్లె పెద్దలు ఆ కాగితము చుట్టును మూగి చూచిరి. మిగిలిన దిబ్బ నుండి ఎవరును తట్టెడు ఇసుకయైన తీయరాదని కట్టడి చేసికొనిరి. ఆ కట్టడి ఎన్నాళ్ళు నిలుచునో చెప్పలేను. ఇప్పటికి నిలిచియున్నది.

మన తీరమును కొలిచిన వారిలో కాలిన్ మెకంజీ యనునతడొకడు. 1815లో భారతదేశపు సర్వేయరు జనరల్ అయినవాడు. ఆయన నేలను కొలుచుటతో తృప్తి పడలేదు. ఏలూరి వారైన కావలి సోదరుల సహాయమున ఊరూర కరణములను, వృద్ధులను అడిగించి గ్రామముల వృత్తాంతములు వ్రాయించెను. వానినే కైఫీయత్తులందురు. నేలను కొలువ వచ్చినవాడు మనుష్యులను అడుగుట ఎందుకు నేర్చెనో, నాకు అరువది యేండ్లు దాటిన తరువాత తెలిసినది.

పటమునకు తేదీ యుండును. దానిని మరువరాదు. మా మేనమామ పటము మీద గుంటూరు జిల్లా, మదరాసు రాష్ట్రము అనియున్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చినవి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడగా చీరాల అందులోనికి పోయెను. 1972లో అది ప్రకాశము జిల్లా యయ్యెను. 2022 ఏప్రిలు 4 నుండి మేము బాపట్ల జిల్లా వారము. కదలకయే కూర్చున్న ఊరు ఇన్ని పేర్ల క్రిందికి మారినది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరమును తాకినది. ఏ పటమును కడపటిది కాదు.

తీరప్రాంతపు పటములు రక్షణ కారణములచేత చాలకాలము సామాన్యులకు సులభముగా దొరకెడివి కావు. 2005లో వచ్చిన జాతీయ పటవిధానము చేతను, 2021లో సడలిన నియమముల చేతను ఇప్పుడు మీకు ఆ చిక్కు చాలవరకు లేదు. మీ యూరి పటమును సంపాదించుడు. అందున్నది చదువుడు. తరువాత దానిని చేతబట్టుకొని మీ యూరిలో మిక్కిలి వృద్ధులైన వారి యొద్దకు పొండు. అందులో లేనిది వారినడిగి వ్రాసికొనుడు. వారు చెప్పినది మీ పుస్తకములో లేకున్నచో, నవ్వకుడు.

మా మేనమామ పటము ఇప్పుడు నా యొద్ద లేదు. గుడ్డ చినిగిన చోట కుట్టించి, ఆ బాలికకు ఇచ్చివేసితిని. దాని వెనుక, తెలుగులో, నా చేతివ్రాతతో ఒక పంక్తి వ్రాసితిని: “వాడ అనగా ఓడ. ఈ యర్థము చెప్పినది ఈమె ముత్తాత.”